ల్యాబ్ విలువలు ఎంత చదివినా గుర్తుండటం లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. ల్యాబ్ విలువల పట్టిక గోడకు అంటించుకుని నెలల తరబడి చదువుతున్నా, వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగేసరికి సోడియం, పొటాషియం తారుమారు అవుతున్నాయి. పుస్తకంలో ఒక అంకె, ఆసుపత్రి రిపోర్టులో ఇంకో అంకె ఉంటోంది. దేన్ని నమ్మాలి? ఏ పరీక్షకు రోగిని ఎలా సిద్ధం చేయాలన్నదీ గందరగోళంగానే ఉంది. వార్డులో బంధువులు రిపోర్టు చేతిలో పెట్టి "ఎలా ఉంది సిస్టర్?" అంటే నోట మాట రావడం లేదు. ఇంకో విషయం. ఈమధ్య మా ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు మా అమ్మకు క్రియాటినిన్ 1.2 వచ్చింది. అమ్మకు 52 ఏళ్లు. రిపోర్టులో నార్మల్ అనే ఉంది. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం కావడంతో అమ్మకు బెంగ పట్టుకుంది. ఏం చెప్పాలి?
— ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి సంగతి చూద్దాం. నీ మిగతా ప్రశ్నలకు దారి అందులోనే దొరుకుతుంది.

క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. మూత్రపిండాలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి. కండ ఉన్నవారిలో ఎక్కువ పుడుతుంది. బక్కపలచని వారిలో, వయసు పైబడ్డవారిలో తక్కువ పుడుతుంది. రిపోర్టు పక్కన అచ్చువేసే 0.6–1.2 అనే హద్దు మాత్రం చాలా ల్యాబ్‌లలో ఆడా మగా, చిన్నా పెద్దా అందరికీ ఒకటే. అందుకే క్రియాటినిన్‌ను వయసుతో, స్త్రీ పురుష భేదంతో కలిపి లెక్కగట్టి, మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో అంచనా వేస్తారు. దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు. ఈ లెక్కకు వాడే, 2021లో సవరించిన సీకేడీ-ఎపి అనే సూత్రంలో 1.2 వేసి చూడు. 22 ఏళ్ల కుర్రవాడికి 88 దగ్గర వస్తుంది. 52 ఏళ్ల స్త్రీకి అదే 1.2తో 54 దగ్గర ఆగిపోతుంది. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా లెక్కిస్తారు. కాబట్టి మీ అమ్మగారి బెంగ అర్థంలేనిది కాదు. నార్మల్ అని రాసి ఉందికదా అని ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టేయకండి.

అలాగని జబ్బు ఖాయమనీ అనుకోవద్దు. ఒక్క రిపోర్టుతో ఎవరూ తేల్చరు. ఎండలో పనిచేసి, నీళ్లు సరిగా తాగకుండా వచ్చి రక్తం ఇచ్చినా, ముందురోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నా క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. డాక్టరుకు చూపించి మళ్లీ క్రియాటినిన్ చేయించు. దానితోపాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి, బీపీ, షుగర్ చూపించు. మూడు నెలల తర్వాత మరోసారి చూడాలి. ఉద్దానంలో కనిపించే జబ్బులో షుగర్, బీపీ లేకుండానే, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కాబట్టి మూత్రపరీక్ష బాగుందని క్రియాటినిన్‌ను వదిలేయకూడదు. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఇప్పటినుంచే మానేయమను. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మీకు దగ్గరే. పాత రిపోర్టులు ఏవి ఉన్నా వెతికి పట్టుకెళ్లండి. నిరుడు 0.8 ఉండి ఇప్పుడు 1.2 అయితే ఒక అర్థం, అయిదేళ్లుగా 1.2 దగ్గరే నిలిచి ఉంటే ఇంకో అర్థం.

ఇప్పుడు నీ చదువు. క్రియాటినిన్ హద్దు ఇక నీకు మరిచిపోదామన్నా మరుపు రాదు. ఎందుకంటే దాని వెనక మీ అమ్మ ఉంది. మిగతా అంకెలు నిలవకపోవడానికి నీ జ్ఞాపకశక్తిగానీ తెలుగు మీడియంగానీ కారణం కాదు. గోడమీది పట్టికలో మనుషులు లేరు, అంతే. ఆ పట్టిక తీసేయమనను గానీ, దానిమీద ఆధారపడవద్దు. ఏ విలువ చదివినా ఈ రక్తం ఎవరిది, అది ట్యూబులోకి ఎలా వచ్చింది, ఈ అంకె చూశాక నర్సుగా నేను ముందు ఏం చేయాలి అని అడుగుతూ చదువు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే అంకె దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

సోడియం, పొటాషియం తారుమారు అవుతున్నాయన్నావు. సోడియం కణాల బయట ఉండే ద్రవంలో ఎక్కువ. పొటాషియం దాదాపు అంతా కణాల లోపలే ఉంటుంది. మనం కొలిచేది బయటి ద్రవాన్ని. అందుకే సోడియం 135–145, పొటాషియం 3.5–5.0. కారణం తెలిస్తే వందల్లో ఉండేది ఏదో, ఒక్క అంకెలో ఉండేది ఏదో మళ్లీ తడబడవు. ఇదే కారణంతో ఇంకొకటీ తెలుస్తుంది. రక్తం తీసేటప్పుడు సన్నని సూదితో గట్టిగా లాగినా, ట్యూబును గిలకొట్టినట్టు ఊపినా ఎర్రకణాలు చితికి, లోపలి పొటాషియం బయటికి వస్తుంది. రోగిలో లేని పొటాషియం రిపోర్టులో కనబడుతుంది. సీరం (రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవం) గులాబీ రంగులో ఉంటే ల్యాబ్ వాళ్లు హీమోలైజ్డ్ అని రాసి పంపేది అందుకే.

పొటాషియం గురించి ఇంకాస్త చెప్పాలి. మీ ప్రాంతంలో పనిచేయబోయే నర్సుకు దీన్ని మించిన అంకె లేదని నా నమ్మకం. డయాలసిస్ వార్డులో ఇలాంటి రోగి నీకు తప్పకుండా ఎదురవుతాడు. ఇంట్లో పెళ్లి ఉండి ఒక విడత డయాలసిస్ మానేశాడు. ఎండకు తాళలేక కొబ్బరినీళ్లు తాగాడు. పెరట్లో చెట్టు ఉన్నవాడికి అది మంచిదనే తెలుసు గానీ, ఒక గ్లాసులో అరగ్రాము అటూ ఇటూగా పొటాషియం ఉంటుందని తెలియదు. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. ఇతని మూత్రపిండాలు పంపలేవు. కాళ్లు లాగేస్తున్నాయంటూ వచ్చాడు. రిపోర్టు 6.8. నువ్వు స్టాఫ్ నర్సును పిలుస్తావు, మానిటర్ పెడతావు, ఈసీజీ తీయిస్తావు. టీ తరంగాలు మొనదేలి పైకి లేచి ఉంటాయి. శాంపిల్ చెడిందేమో చూడటానికి రెండో శాంపిల్ పంపాల్సిందే గానీ, అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. డాక్టరు కాల్షియం గ్లూకోనేట్ చెబుతారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. డెక్స్‌ట్రోజ్‌తో (గ్లూకోజ్‌తో) కలిపి ఇచ్చే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. అందుకే ఆ తర్వాత కొన్ని గంటలపాటు గంటగంటకూ షుగర్ చూస్తూ ఉండాలి. శరీరం నుంచి పొటాషియాన్ని తీసేసేది చివరికి డయాలసిసే. ఈ ఒక్క రోగిని మనసులో నిలుపుకుంటే వైవాలో పొటాషియం మీద ఏ ప్రశ్న వచ్చినా నువ్వు నిలబడతావు.

పొటాషియం తగ్గిన రోగులు మరోరకం. వాంతులు, విరేచనాలతో వచ్చినవారు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ వాడుతున్నవారు. వీరికి పొటాషియం క్లోరైడ్ ఎక్కిస్తారు. ఆ ఆంప్యూల్‌ను ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ నేరుగా నరంలోకి ఎక్కించకూడదు. సెలైన్‌లో బాగా కలిపి, చేతి నరం ద్వారానైతే మామూలుగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకుండా ఇస్తారు. తొందరలో ఉన్నవారు ఎవరు చెప్పినా సరే, నేరుగా ఎక్కించమంటే చేయనని చెప్పు.

ట్యూబుల గురించి పుస్తకాల్లో రెండు పేజీలు ఉంటాయి, పిల్లలు తిప్పేస్తారు. నా దృష్టిలో పట్టిక కంటే ఆ పేజీలే ముఖ్యం. ఊదా మూత ఉన్న ట్యూబు హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లకు. అందులో ఉన్న మందు ఈడీటీఏ. అది పొటాషియం లవణం. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇప్పుడు ఒకరు రక్తం తీశారనుకో. పొటాషియం, కాల్షియం లాంటివి చూసే ఎర్ర మూత ట్యూబులో తక్కువ పడింది. రోగిని మళ్లీ గుచ్చడం ఎందుకని ఊదా ట్యూబు మూత తీసి, అందులోంచి కొంచెం ఎర్ర ట్యూబులోకి వంచారు. రిపోర్టులో పొటాషియం 9 దాటి, కాల్షియం పాతాళానికి పోయి వస్తుంది. రోగి మాత్రం మంచంమీద కూర్చుని ఇడ్లీ తింటుంటాడు. అలాంటి రిపోర్టు చూసినప్పుడు ముందు ట్యూబును అనుమానించాలి. శాంపిల్ మళ్లీ తీయాలి. ఒక ట్యూబులోంచి మరో ట్యూబులోకి వంచడమన్నది ఎన్నడూ చేయకు. ట్యూబులు నింపే వరుస కూడా అందుకే పెట్టారు. ముందు బ్లడ్ కల్చర్ సీసాలు, తర్వాత లేత నీలం, ఎరుపు లేక పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు.

లేత నీలం ట్యూబు రక్తం గడ్డకట్టే వేగం చూసే పీటీ, ఐఎన్ఆర్ కోసం. అందులో సిట్రేట్ ఒక పాలు, రక్తం తొమ్మిది పాళ్లు ఉండాలి. గీత వరకు నిండకపోతే రక్తం పలచబడిందన్నట్టు తప్పుడు ఫలితం వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే రోగికి సాధారణంగా ఐఎన్ఆర్ 2–3 మధ్య ఉంచుతారు. సగం నిండిన ట్యూబు వల్ల 4 వస్తే అనవసరంగా మందు తగ్గించేస్తారు. బూడిద ట్యూబు షుగర్‌కు. మామూలు ట్యూబులో రక్తాన్ని వదిలేస్తే కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తూ పోతాయి. పల్లెలో ఉదయం తీసిన రక్తం మధ్యాహ్నానికి పట్నం ల్యాబ్‌కు చేరితే ఏమవుతుందో నువ్వే లెక్క వేసుకో.

రక్తం తీసేముందు చేతికి బిగించే టోర్నికెట్ ఒక్క నిమిషం దాటనీయకు. పిడికిలి బిగించి వదలమని పదేపదే చెప్పకు, అదీ పొటాషియం పెంచుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతినుంచి తీయకు. డయాలసిస్ రోగి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చేతిని రక్తానికీ బీపీకీ ముట్టుకోకు. ఆ చేయి అతని ప్రాణం.

పుస్తకం ఒకటి, రిపోర్టు ఒకటి చెబుతోందన్నావు. చాలావరకు తేడా కొలమానంలో ఉంటుంది. అమెరికా పుస్తకాల్లో బీయూఎన్ 7–20 అని చదువుతావు. మన ల్యాబ్‌లు ఎక్కువగా బ్లడ్ యూరియా ఇస్తాయి, 15–40. బీయూఎన్ అంటే యూరియాలోని నత్రజని మాత్రమే. యూరియాను 2.14తో భాగిస్తే అది వస్తుంది. రిపోర్టులో యూరియా 38 చూసి, పుస్తకంలోని 20తో పోల్చి రెట్టింపైందని కంగారుపడే విద్యార్థులు ఎందరో. గ్లూకోజ్ మిల్లీమోళ్లలో ఉంటే 18తో, ప్లేట్‌లెట్లు 150 అని ఉంటే వెయ్యితో హెచ్చించుకో, మనకు తెలిసిన లక్షన్నర అదే. పరీక్షకు మీ కళాశాల సూచించిన పుస్తకం అంకెలు రాయి. రోగి దగ్గర ఆ ల్యాబ్ తన రిపోర్టులో అచ్చువేసిన హద్దునే పాటించు.

హిమోగ్లోబిన్ స్త్రీలకు 12కు పైన, పురుషులకు 13కు పైన అని నీకు తెలుసు. గర్భిణికి 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. గిరిజన ప్రాంతమైన సీతంపేట వైపు పోస్టింగ్ పడితే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే ఎర్రకణాల జబ్బు) ఉన్న పిల్లలను చూస్తావు. వాళ్లలో 8 అన్నది రోజూ ఉండే విలువే కావచ్చు. ఆ బిడ్డకు మామూలుగా ఎంత ఉంటుందో పాత కార్డులో చూడకుండా రక్తం ఎక్కించాలేమోనని హడావుడి పడకూడదు. షుగర్ 70 కంటే తగ్గితే, రోగి స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ధమని రక్తపు పరీక్షలో పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, బైకార్బొనేట్ 22–26. పీహెచ్‌కు దశాంశం తర్వాత ఉన్న 35, 45లే కార్బన్ డయాక్సైడ్‌కూ వచ్చాయి చూడు. ఈ పరీక్షకు మణికట్టు దగ్గర గుచ్చిన చోట కనీసం అయిదు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. గడియారం చూసి పట్టుకో.

ఇక పరీక్షలకు రోగిని సిద్ధం చేయడం. ఇదీ బట్టీ పట్టేది కాదు. ఏ వస్తువు శరీరంలో ఎక్కడికి వెళుతోందో ఊహించుకుంటే ముందూ వెనకా చేయాల్సినవి తెలిసిపోతాయి. బయాప్సీకి (ముక్క తీసి పరీక్షించడానికి) కాలేయంలోకి సూది వెళుతోంది. కాలేయం రక్తం నిండిన అవయవం. కాబట్టి ముందు పీటీ, ప్లేట్‌లెట్లు చూడాలి, అంగీకార పత్రం ఉండాలి. సూది దిగేటప్పుడు కాలేయం కదలకూడదు కాబట్టి ఊపిరి వదిలి బిగబట్టమంటారు. తర్వాత కుడివైపు పడుకోబెడితే శరీరం బరువే గుచ్చిన చోటును నొక్కి ఉంచుతుంది. మొదటి గంట పావుగంటకోసారి నాడి, బీపీ చూస్తావు, ఎందుకంటే లోపల కారే రక్తం కంటికి కనబడదు, నాడిలో తెలుస్తుంది. పొట్టలో నీరు తీసేముందు మూత్రం పోసి రమ్మంటాం. నిండిన మూత్రాశయం సూదికి అడ్డం వస్తుంది. నీరు తీశాక బీపీ పడిపోవచ్చు. ఎండోస్కోపీకి గొంతుకు మందు కొట్టి మొద్దుబారుస్తారు. గొంతు వెనక తాకితే వాంతి వచ్చినట్టు అవుతోందో లేదో చూశాకే గుక్కెడు నీళ్లయినా ఇవ్వాలి. రంగు మందు ఎక్కించే సీటీ స్కాన్‌కు ముందు క్రియాటినిన్, అలర్జీ, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ సంగతి అడగాలి. ఈజీఎఫ్ఆర్ బాగా తక్కువగా ఉంటే స్కాన్ తర్వాత 48 గంటలు ఆ మాత్ర ఆపమంటారు.

ఎంఆర్ఐకి లోహాలు తీసేయమని చెప్పాలని పుస్తకంలో ఉంటుంది. మన ఊళ్లలో ఆ మాట సరిపోదు. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు తీసి, పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసులు మరిచిపోతారు. అవి ఉక్కువి, అయస్కాంతం లాగేస్తుంది. మగవారికి మొలతాడుకు కట్టిన తాయెత్తు ఉంటుంది. పేరుపేరునా అడుగు. పుస్తెలు తీయడానికి పెద్దావిడ సంకోచిస్తే పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకోవచ్చని మర్యాదగా చెప్పు. పరగడుపున రమ్మన్నా అంతే. టీ, చుట్ట ఆహారం కాదనుకునేవారు చాలామంది. "నీళ్లు తప్ప ఇంకేమీ వద్దమ్మా, టీ కూడా వద్దు, చుట్ట కూడా వద్దు" అని విడమరిచి చెప్పాలి. కఫం పరీక్షకు డబ్బా చేతికిచ్చి పంపేస్తే ఉమ్మి తెస్తారు. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుంచి దగ్గి తీయాలని నువ్వే చేసి చూపించు. 24 గంటల మూత్రానికి మొదటిసారిది పారబోసి, ఆ తర్వాత వచ్చినదంతా పట్టి, మర్నాడు అదే సమయానికి వచ్చినదాన్ని కూడా కలపాలి. ఈ మాటలన్నీ తెలుగులో, రోగికి అర్థమయ్యేలా చెప్పడం నీకు బాగా వస్తుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు తడుముకునేది ఇక్కడే.

చదువుకోవడానికి ఒక పని చెయ్యి. వార్డులో నీకు అప్పగించిన రోగుల్లో ఒకరిని తీసుకుని, పేరు రాయకుండా, వయసు, జబ్బు, వాడుతున్న మందులు, వరుసగా వచ్చిన రిపోర్టులు ఒక పుస్తకంలో రాసుకో. అంకె మారినప్పుడల్లా ఎందుకు మారిందో డ్యూటీలో ఉన్న సిస్టర్‌నో డాక్టరునో అడుగు. విసుక్కుంటే కొంచెం ఆగి అడుగు, అడగడం మాత్రం మానకు.

బంధువులు రిపోర్టు చేతిలో పెట్టినప్పుడు "ఏమీ లేదులెండి" అనవద్దు, జబ్బు పేరూ చెప్పవద్దు. రెండూ నీ పరిధి కావు. మౌనంగా కాగితం తిరిగి ఇచ్చేస్తే మాత్రం వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. "చూశానండి. ఇప్పుడే డాక్టరు గారి దృష్టికి తీసుకెళుతున్నాను. ఆయన వచ్చి మీతో మాట్లాడతారు. ఈలోగా మీ నాన్నగారికి ఆయాసం గానీ గుండెదడ గానీ అనిపిస్తే వెంటనే నన్ను పిలవండి" అని చెప్పు. చెప్పినట్టే వెంటనే వెళ్లు.

ల్యాబ్ నుంచి ప్రమాదకరమైన విలువ ఫోనులో చెబితే, విన్నది రాసుకుని వాళ్లకే తిరిగి చదివి వినిపించు. ఇంగ్లీషులో సిక్స్‌టీన్, సిక్స్‌టీ ఫోనులో ఒకలాగే వినబడతాయి. తర్వాత స్టాఫ్ నర్సుకు చెప్పు. డాక్టరుకు నిన్నే చెప్పమంటే అంకె ఒక్కటీ చెప్పి ఊరుకోవద్దు. "సార్, ఆరో పడక, డయాలసిస్ రోగి, మొన్న విడత మానేశారు. పొటాషియం 6.8 వచ్చింది. నాడి 52, కాళ్లు నీరసంగా ఉన్నాయంటున్నారు. ఈసీజీ తీశాం, మీరు వెంటనే చూడాలి" అని చెప్పు. ఎన్ని గంటలకు, ఎవరికి చెప్పావో, వారు ఏం చేయమన్నారో అక్కడికక్కడే కేస్ షీట్‌లో రాయించి సంతకం చేయించు.